ఉప్పూ కారం తిన్న కోళ్లు

ఒక్క మధ్యాహ్నంలో అత్తగారి నమ్మకాన్నీ, మామగారి గుర్తునీ, మొగుడి పెరుగన్నాన్నీ కలిపి మట్టిలో పొయ్యడం మనిషికి సాధ్యమేనా? సాధ్యమే. నేను పోశాను. అదీ డిగ్రీ చదివి మరీ పోశాను. ఇది చదివి మీరు నవ్వుతారని తెలుసు, నవ్వండి. నాకు మాత్రం ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ రోజు తలుచుకుంటే ఒళ్లు మండుతుంది. ఎవరి మీద అంటే చెప్పడం కష్టం. నా మీద, మా ఆయన మీద, పక్కింటి పిల్లి మీద, అన్నిటికంటే ఎక్కువగా ఒక టర్కీ పుంజు మీద.

తొంభైల చివరి మాట. ఒంగోల్లో బీయస్సీ జువాలజీ పూర్తి చేసి, మార్టూరు దగ్గర ఒక పల్లెటూరికి కోడలిగా వచ్చాను. ఆ ఊళ్లో అటు చూస్తే పత్తి, ఇటు చూస్తే మిరప. నేను ఎటు చూసినా నా చదువే కనిపించేది నాకు. కోడి గుండెలో ఎన్ని గదులో, రెక్కలో ఎన్ని ఎముకలో చెప్పగలిగిన కోడలు ఆ వీధిలో నేనొక్కదాన్నే. ఎవరూ అడగలేదనుకోండి, అది వేరే సంగతి.

పొదుపు సంఘం మీటింగుకి ఒకసారి పట్నం నుంచి ఒకావిడ వచ్చి, పెరట్లో కోళ్లు పెంచుకోండమ్మా అని చెప్పి వెళ్లింది. అందరూ తలా రెండు పెట్టలు కొన్నారు. నేను అలా కొంటే చదువుకున్నదాన్ని ఎలా అవుతాను? ఆరు నాటు పెట్టలు, ఒక పుంజు, నాలుగు బాతులు, నాలుగు గిన్నీకోళ్లు తెచ్చాను. పైగా సంతలో ఒకడు బతిమాలితే ఒక టర్కీ పుంజు కూడా తెచ్చాను. దాన్ని చూసి మా ఆయన గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఏందే ఇది? మెడకేమన్నా జబ్బా?"

"జబ్బు కాదండీ. దాని అందమే అంత."

"దాని అందం తగలెయ్య. నా పంచె వంక అట్టా చూస్తదేంది?"

చూడడమే కాదు, మర్నాడు ఆ పంచె పట్టుకు లాగింది కూడా. గిన్నీకోళ్ల సంగతి ఇక చెప్పొద్దు. గాలి వీచినా అరుపే, ఆకు రాలినా అరుపే. మధ్యాహ్నం కునుకు తీసే అలవాటున్న మా ఆయన ఆ నెలలోనే ఆ అలవాటు మానుకున్నాడు. బాతులు కుడితి తొట్టిని తమ సొంత చెరువుగా రాయించుకున్నాయి. మా అత్తయ్య మాత్రం ఏమీ అనలేదు. మాఘమాసంలో రెండు పెట్టలు పొదిగి, పదిహేడు పిల్లలు దిగినప్పుడు మటుకు, "పర్లేదే, చెయ్యి మంచిదే" అంది. ఆవిడ నోట్లోంచి ఒక మంచి మాట రావాలంటే మిరప చేలో కలుపు దానంతట అదే పోయినంత పని. నేను గాల్లో తేలిపోయాను.

ఆ తేలడం వల్లే వచ్చింది అసలు చిక్కు. ఆవిడ నన్ను నమ్మేసింది.

మా ఇంట్లో విత్తనం మిరప అని ఒకటుండేది. మామగారు బతికున్న రోజుల్లో తన చేతులతో ఏరి, ఏటేటా నిలబెట్టిన నాటు రకం. సన్నగా, పొడుగ్గా, కొస దగ్గర కొంచెం వంపు తిరిగి ఉంటుంది కాయ. ఆయన పోయాక అత్తయ్య ఆ పని తన చేతుల్లోకి తీసుకుంది. రెండో కోతలో మంచి చెట్లు చూసి కాయలు ఏరి, విడిగా ఎండబెట్టి, గింజలు కొట్టి, బూడిద కలిపి, వేపాకు వేసి కుండలో మూత పెట్టేది. ఆ రోజుల్లో షాపుల్లో కొన్న విత్తనం మొలవక, మొలిచినా కాయక ఎంతమంది నెత్తీ నోరూ కొట్టుకున్నారో ఆ ప్రాంతం వాళ్లకి నేను చెప్పనక్కర్లేదు. ఇంటి గింజ చాలక సగం చేలో కొన్న విత్తనం వేసినా, ఆ కుండ ఉన్నంతకాలం మాకు పూర్తిగా మునిగిపోయే భయం లేదు. ఆ కుండని ముట్టుకునే హక్కు మా ఆయనకి కూడా లేదు.

ఫాల్గుణంలో అద్దంకిలో చుట్టాల పెళ్లి వచ్చింది. అత్తయ్య మూడు రోజులు వెళ్లాలి. వెళ్లేముందు గంపెడు విత్తనం కాయలు నా ముందు పెట్టింది.

"పొద్దున్నే ఎండలో పొయ్యి. మంచు పడకముందే ఎత్తు. డాబా మీద పొయ్యి, పెరట్లో వద్దు. ఇనపడిందా?"

"అలాగే అత్తయ్యా."

ఎందుకు డాబా మీదే అని నేను అడగలేదు. ఎందుకో ఆవిడ చెప్పలేదు. మా అత్తయ్య ఏ పనికీ కారణం చెప్పదు. ఈ విషయంలో ఆవిడ మీద నాకు ఇవాళ్టికీ కోపమే. అడగనందుకు నా మీద దానికి రెట్టింపు కోపం.

మొదటి రోజు డాబా మీదే పోశాను. ఆ రోజే పక్కింటి కోటమ్మ పిన్ని గారి పిల్లి గోడ దూకి నా కోడిపిల్లల్లో రెండింటిని ఎత్తుకుపోయింది. నేను కర్ర పట్టుకుని గోడ దగ్గర రంకెలు వేశాను.

"పిన్నీ! మీ పిల్లిని కట్టేసుకోండి!"

"పిల్లిని ఎవురు కట్టేస్తారే? నీ కోళ్లనే కట్టేసుకో!"

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తెల్లారేసరికి మహత్తరమైన ఆలోచన తట్టింది. పిల్లికి ఘాటు పడదు. గుంటూరు మిర్చి యార్డులో మనుషులే దగ్గి దగ్గి చస్తారు, ముష్టి పిల్లి ఎంత? కోడిపిల్లల గంప చుట్టూ ఎండు మిరపకాయలు కోటలా పోస్తే సరి. మిగతా కాయలు ఆరబోసిన కల్లం చేలో ఉంది, అంత దూరం ఎవరు పోతారు? ఇంట్లో ఉన్నవి విత్తనం కాయలే. పెరట్లోనూ ఎండే కదా! కాయలు ఎండుతాయి, కాపలా కూడా కాస్తాయి. ఒక్క కాయతో రెండు పనులు. చూశారా తెలివి? కాసేపు నన్ను నేనే మెచ్చుకున్నాను.

పనిచేసింది కూడా! పిల్లి వచ్చింది, వాసన చూసింది, వరసగా తుమ్మింది, గోడెక్కి పారిపోయింది. నేను నడుం మీద చెయ్యేసుకుని విజయగర్వంతో నవ్వాను. పొద్దుటి నుంచీ పాకలో మూసి ఉంచిన పెద్ద కోళ్లు అరుస్తుంటే, పాపం అనిపించి వాటినీ వదిలాను. మిరపకాయల దగ్గరికి ఏ ప్రాణి పోతుంది? తలుపు చేరవేసి సంఘం మీటింగుకి వెళ్లాను.

కంచే చేను మేసిందంటారు పెద్దలు. మా ఇంట్లో తిరగబడింది. చేను లేచి కంచెను మేసింది.

తిరిగొచ్చేసరికి పెరడంతా ఎర్ర తొక్కలు. పెట్టలు కాయని కాళ్లతో తొక్కిపట్టి, ముక్కుతో చీల్చి, గింజలు ఏరుకుని తింటున్నాయి. గంప దొర్లిపోయి బయటపడ్డ పిల్లలూ వాటితో పాటు చకచకా ఏరుతున్నాయి. సగం గింజలు చిమ్మేసి మట్టిలో కలిపేశాయి. బాతులు తొక్కల్ని తొట్టిలో ముంచుకుని తింటుంటే తొట్టిలో నీళ్లు ఎర్రబడ్డాయి. గిన్నీకోళ్లు, ప్రతి చిన్నదానికీ ఊరంతా వినిపించేలా అరిచే ఆ గిన్నీకోళ్లు, ఆ రోజు నోరెత్తకుండా తింటున్నాయి! ఇక ఆ టర్కీ పుంజు కాయని చీల్చే శ్రమ కూడా తీసుకోలేదు. తొడిమతో సహా మింగేస్తూ నా వైపు చూసింది.

నాకు మొదట విత్తనం గుర్తు రాలేదండీ, ఒట్టు. కోళ్లు చచ్చిపోతాయని భయం వేసింది. అంత కారం తిని ఏ ప్రాణి బతుకుతుంది? లోపలికి పరిగెత్తి మా ఆయన కోసం కలిపి ఉంచిన పెరుగన్నం గిన్నె తెచ్చాను. ఒక పెట్టని ఒళ్లో పెట్టుకుని, ముక్కు తెరిచి, వేలితో పెరుగు కుక్కుతున్నాను. అప్పుడే మా ఆయన చేలోంచి వచ్చాడు.

"ఏం చేస్తన్నావే?"

"మంట తగ్గడానికి పెరుగు పెడుతున్నానండీ."

"ఎవురికి మంట?"

"కోళ్లకి!"

ఆయన నన్ను చూశాడు, గిన్నెను చూశాడు, నేల మీద తొక్కల్ని చూశాడు. మొహం తెల్లబడింది.

"ఒసేయ్... అవి అమ్మ కాయలు కాదుగా?"

అప్పుడు గుర్తొచ్చింది నాకు. పెట్టని వదిలేశాను. గోడ అవతల నుంచి కోటమ్మ పిన్ని తల బయటికొచ్చింది. ఆవిడ ఎంతసేపటి నుంచి చూస్తోందో ఆ దేవుడికే తెలియాలి.

"కోడికి కారమేందే పిచ్చిదానా! మనకే మంట. వాటికి మెరపగింజంటే జొన్నగింజతో సమానం. అందుకేగా డాబాల మీద ఎండేసేది! పసిపిల్లోణ్ణడిగినా చెబుతాడే."

"మరి చూస్తూ ఊరుకున్నారేంటి పిన్నీ?"

"నా పిల్లిని తిట్టావుగా!"

చెప్పండి, ఒళ్లు మండదా? మూడేళ్లు చదివాను. కోడి పేగుల పొడవు చదివాను, కళ్ల నిర్మాణం చదివాను. దాని నోటికి కారం తెలియదని ఒక్క లెక్చరరు చెప్పలేదు. ఊళ్లో అందరికీ తెలుసు, నాకు ఒక్కరూ చెప్పలేదు. కోపంతో ఆ టర్కీ మీదికి చీపురు విసిరాను. అది చీపుర్ని కూడా ఒకసారి రుచి చూసి వదిలేసింది.

ఇంతవరకూ జరిగింది తెలివితక్కువతనం. దీనికి క్షమాపణ ఉంది. తర్వాత చేసినదానికి లేదు. మిగిలిన తొక్కలూ, రెట్టలూ, మట్టీ గబగబా ఊడ్చి పెంటపోగు మీద పోశాను. కల్లానికి పరిగెత్తి, నాటు కాయలన్నీ అప్పటికే అమ్మేయడంతో, కొన్న విత్తనంతో పండించిన కాయల్లోంచి సన్నవి, పొడుగువి చూసి గంపెడు ఏరి తెచ్చి, డాబా మీద పోశాను.

"వద్దే. మా అమ్మ కాయ పట్టుకుంటే ఏ చెట్టుదో చెప్పుద్ది" అన్నాడు మా ఆయన.

"మీరు నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు."

మూడో రోజు సాయంత్రం అత్తయ్య దిగింది. కాళ్లు కూడా కడుక్కోకుండా డాబా ఎక్కింది. ఒక కాయ తీసి విరిచింది. వాసన చూసింది. ఇంకోటి విరిచింది. నేను మెట్ల మీద నిలబడి ఉన్నాను.

"ఇది మన కాయ కాదు. మన కాయేదే?"

"కోళ్లు... కోళ్లు తినేశాయి అత్తయ్యా. పెరట్లో పోశాను."

మామూలుగా కోపం వస్తే కారాలు మిరియాలు నూరతారంటారు. మా అత్తయ్యకి మిరియాలతో పని పడలేదు.

"తిన్నయ్యని చెబితే ఒక పూట ఏడ్చి ఊరుకునేదాన్ని! కోడిది నోరులేని జీవం, తింటది. నువ్వు దొంగకాయ తెచ్చి పెట్టావే! షాపోడు నకిలీ విత్తనం అంటగట్టాడని ఊరూరా తిట్టుకుంటన్నాం. నువ్వు నా డాబా మీదే నకిలీ దుకాణం తెరిచావా? ఈ గింజ నేను నారు పోసుంటే? ఏడాదంతా చాకిరీ చేసినాక తెలిసేదా నాకు? నువ్వసలు ఉప్పూ కారం తినే మనిషివేనా?"

మీ మామయ్య చెయ్యి పడ్డ గింజ అని ఆవిడ అంటుందేమోనని భయపడ్డాను. అనలేదు. కొంగుతో మొహం తుడుచుకుని కిందికి దిగిపోయింది. అంతకంటే చెంప మీద కొట్టినా బాగుండేది.

ఆ రోజు నుంచి అత్తయ్య నాతో మాట్లాడడం మానేసింది. కోళ్లతో మాట్లాడేది. "తినవే తల్లీ, నువ్వు తిన్నది తిన్నాననే చెబుతావు" అని పెట్టతో అనేది. "నీకు చదువు లేకపోయినా దొంగబుద్ధి లేదురా" అని టర్కీతో అనేది. ఆ వెధవ మెడ ఊపేది. ఆ ఎండాకాలమంతా మా ఇంట్లో నాకంటే టర్కీకి మర్యాద ఎక్కువ జరిగింది.

మృగశిర కార్తెలో తొలకరి పడింది. వారం తర్వాత పొద్దున్నే పెంటపోగు దగ్గర అత్తయ్య గొంతు వినిపించింది.

"ఏమేవ్! ఇట్రా!"

నాతోనే! నాలుగు నెలల తర్వాత! పరిగెత్తాను. పెంటపోగు మీద, నేను ఊడ్చిపోసిన చోట, గుత్తులు గుత్తులుగా మిరప మొలకలు. కోళ్లు చిమ్మిపోసిన గింజలు. అత్తయ్య గొంతుక్కూర్చుని వాటిని వేళ్లతో నిమురుతోంది. కళ్లలో నీళ్లు ఉన్నాయో వాన చినుకులో నేను సరిగ్గా చూడలేదు, చూసే ధైర్యం లేదు.

"ఇవి మనవో కావో కాయ కాసినాక గానీ తెలవదు. అందాకా కోళ్లు ఇటు రాకూడదు. వస్తే నిన్ను కోస్తా, వాటిని కాదు."

ఆ మొలకల్ని పెరట్లో మడి చేసి నాటాం. కంప తెచ్చి చుట్టూ నేనే కంచె కట్టాను, ఈసారి ముళ్లతో. ఆరు నెలలు కాపలా కాశాను. టర్కీకీ నాకూ రోజూ యుద్ధమే.

కాయలు ఎర్రబడ్డ రోజున అత్తయ్య ఒక కాయ కోసింది. సన్నగా, పొడుగ్గా ఉంది. కొసన వంపు ఉంది. విరిచి వాసన చూసి, ముక్క నా నోట్లో పెట్టింది. నాలుక మీద నిప్పు పెట్టినట్టయింది. ముక్కు కారింది, కళ్లు కారాయి, గెంతులు వేశాను.

"మనదేనా అత్తయ్యా?"

"మండిందా?"

"చచ్చిపోతున్నాను!"

"అయితే నువ్వు కోడివి కాదులే. మనిషివే." కుండ తెచ్చి నా చేతిలో పెట్టింది. "కాయలు డాబా మీద పొయ్యి. కోడికి కారం తెలవదు కాబట్టి."

కారణం చెప్పడం ఆవిడ జీవితంలో అదే మొదటిసారి. అక్కడితో ఆగి ఉంటే ఎంత బాగుండేది! మరుసటేడు ఊళ్లోవాళ్లు విత్తనానికి వస్తే, ఆవిడ అందరికీ ఈ కథ వివరంగా చెప్పి మరీ పంచింది. ఇవాళ్టికీ ఆ చుట్టుపక్కల మా రకాన్ని ఎవరూ మామగారి పేరుతో పిలవరు. "రెట్ట మిరప" అంటారు. "సుజాతమ్మా, రెట్ట మిరప గింజలున్నయ్యా?" అని నా మొహం మీదే అడుగుతారు. మండుతుందా, మండదా?

అందుకే, ఉప్పూ కారం తినే మనిషిగా, మా పెంటపోగు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. కోడి తిన్నదాన్ని కోడే తిన్నదని చెబుతాను. ఒక కాయ స్థానంలో ఇంకో కాయ పెట్టను. "ఎందుకు" అని అడగకుండా ఏ గంపా ఎత్తను. ఇక కోడికి పెరుగన్నం అంటారా, ప్రాణం పోయినా మళ్లీ పెట్టను. ఆ తర్వాత వారం రోజుల పాటు ఆ పెట్ట మా ఆయన కంచం దగ్గరికి వచ్చి కూర్చుంది.