కుట్టు మిషన్లు ఇస్తామన్నారు

ప్రతి మనిషినీ పేరు పెట్టి పిలిచి, ఆ పేరును బజారున పెట్టని దేవునికి స్తోత్రం. దించుకున్న ముఖాలను ఎత్తే తండ్రికే మహిమ. ఇక మనుషుల సంగతి. వాళ్ళను స్తుతించే ఓపిక నాకు లేదు.

ఎనభైల మొదట్లో హిందీవాళ్ళ ఉక్కు పట్నంలో, ఖుర్సీపార్ బస్తీలోని మా తెలుగు క్రైస్తవుల గుడి వెనక ఒక రేకుల గది ఉండేది. బలాత్కారానికి గురైన ఆడవాళ్ళు తలదాచుకోవడానికి మా స్త్రీల సమాజం దాన్ని తెరిచింది. నేను కార్యదర్శిని. ఆ గది గుప్పెడు బియ్యంతో నడిచింది. మాలో ప్రతి ఇల్లాలూ వంటకు ముందు ఒక గుప్పెడు బియ్యం తీసి పక్కన పెడుతుంది, ఆదివారం గుడికి తెస్తుంది. ఆ బియ్యం అమ్మగా వచ్చిందే మా ఖజానా.

అప్పుడు గదిలో ఉన్నది హథ్‌ఖోజ్ వైపు ఒక కార్ఖానాలో ఇనుప తుక్కు మోసే పిల్ల. కూలీలను పనిలో పెట్టే ముకద్దం ఆమెను చెరిచాడు. కేసు దుర్గ్ కోర్టులో ఉంది. ఆమె మమ్మల్ని కోరింది ఒక్కటే, తానెవరో బస్తీకి తెలియకూడదని. తెలిస్తే ఊరు విడవాలి. ఊరు విడిస్తే కేసు పోతుంది, ముకద్దం మీసం తిప్పుకుంటూ మళ్ళీ పనిలోకి వస్తాడు.

ఆమెకు డాక్టరు కావాలి, కోర్టుకు తీసుకెళ్ళేవాళ్ళు కావాలి, నిద్రలో ఉలిక్కిపడి లేచినప్పుడు పక్కన ఒక మనిషి కావాలి. ఇదంతా బియ్యంతో అయ్యే పని కాదు. సర్కారు సంక్షేమ శాఖను అడిగాం. ఒక అధికారి జీపు దిగి గది చూశాడు.

“బెహన్‌జీ, నాలుగు కుట్టు మిషన్లు రాయించుకోండి,” అన్నాడు హిందీలో.

“ఆ పిల్లకు కుట్టుపని కాదు సాబ్, తోడు కావాలి. తోడుండే మనిషికి జీతం ఇవ్వండి.”

“మనిషి పక్కన మనిషి కూర్చోడానికి జీతమా?” అని నవ్వాడు. “మిషన్ అయితే ఫొటోలో కనిపిస్తుంది.”

అంతే వాళ్ళ జ్ఞానం. కూడలిలో నీళ్ళు చిమ్మే ఫౌంటెన్‌కు డబ్బుంది, దాని పక్కన రంగు దీపాలకు డబ్బుంది. చెరచబడిన పిల్ల కోర్టు మెట్లెక్కడానికి మాత్రం ఏ పద్దులోనూ చోటు లేదు. చివరికి మేం విసిగించగా, గదికి సాయం సంగతి ఆలోచిస్తామన్నాడు.

ఆ ఒక్క మాటకే మా సంఘ పెద్దలు పొంగిపోయారు. బైబిల్లో రాజు కూతురు చెరచబడిన అధ్యాయాన్ని ఏనాడూ ప్రసంగానికి ఎత్తుకోని పెద్దలు వీళ్ళు. మా సంఘంలో మేలు పొందినవారు, ప్రమోషన్ వచ్చినా జ్వరం తగ్గినా, మైకు ముందు నిలబడి సాక్ష్యం చెప్పాలి. ఆ ఆచారమే ఈ పిల్లకూ వర్తిస్తుందనుకున్నారు. దురుద్దేశం లేదు వాళ్ళకు. బుద్ధీ లేదు.

మాకెవరికీ చెప్పకుండా ఒక ఆదివారం ఆరాధనకు ఆ అధికారిని పిలిచారు. పూలదండ, ఫొటోగ్రాఫరు, వెనక వరుసల్లో సగం బస్తీ. సంఘ పెద్దాయన మైకందుకుని, “గదిలో ఉంటున్న మన సహోదరి ఇప్పుడు ముందుకొచ్చి సాక్ష్యం చెబుతుంది,” అన్నాడు.

ఆడవాళ్ళ మధ్య ముసుగేసుకుని కూర్చున్న పిల్ల నా మణికట్టు పట్టుకుంది. “అక్కా, నానెల్లను. జడ్జీ కాడ సెప్తాను గానీ, ఈల్ల కాడ ఏటి సెప్పాల?”

మా సమాజం అధ్యక్షురాలు విజయనగరం వైపు నుంచి వచ్చిన ముసలి వితంతువు. ఆవిడ లేచి నిలబడింది. “ముందు పార్దన సేసుకుందాం. అందరూ కళ్ళు మూయండి. సాబ్, మీరూ, ఆంఖే బంద్!”

మా గుడిలో ఆమేన్ వినకుండా కళ్ళు తెరవడం పాపం. చంటిపిల్లలకు కూడా అదే నేర్పుతాం. ఆవిడ సృష్టి దగ్గర మొదలుపెట్టింది. జలప్రళయం వచ్చేసరికి నేను పిల్లను పక్క తలుపు గుండా దాటించి, వెనక సందులో ఉన్న మా ఆడపడుచు ఇంట్లో కూర్చోబెట్టాను. తిరిగొచ్చేసరికి ఆవిడ ప్రార్థన ఇంకా అరణ్యయాత్రలోనే ఉంది. పెద్దలు చెమటలు కక్కుతున్నారు. కళ్ళు మాత్రం తెరవలేదు.

ఆమేన్ అయ్యాక అధికారి దండ పట్టుకుని పిల్ల కోసం దిక్కులు చూశాడు. “లడకీ కహా గయీ?”

“ప్రభువు దాసీసినారు బాబూ,” అంది ఆవిడ.

పెద్దాయన మండిపడ్డాడు. “ఏటి పిన్నీ ఇది? సర్కారోల్ల ముందర మా పరువు తీసీసినావు!”

“నీ పరువుకే దండ ఏయించుకో. ఆయన సేతిలోనే ఉంది కదా.”

సాయం రాలేదు. ఎవరికిస్తున్నామో కంటికి కనబడకుండా డబ్బు ఇవ్వలేమని శాఖ కబురు పంపింది. కుట్టు మిషన్లు ఇంకెక్కడికో పోయి ఫొటోలో పడ్డాయి.

మేం వంతులేసుకుని ఆ పిల్లతో పవర్ హౌస్ స్టాపులో బస్సెక్కాం, కోర్టు బెంచీ మీద కూర్చున్నాం. వాయిదాలతో ఏళ్ళు గడిచాయి. ఆమె ఒక్కటీ తప్పలేదు. జడ్జీ ముందు అంతా చెప్పింది, ముకద్దం జైలుకు పోయాడు. ఆమె ఎవరో బస్తీకి నేటికీ తెలియదు.

గుప్పెడు బియ్యంతో ఎంత పని చేశారమ్మా అని ఎవరైనా మెచ్చుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది. దొంగను పట్టే పోలీసుకు గుప్పెడు బియ్యంతో జీతమిస్తున్నారా? మరి ఈ పిల్లల దగ్గరికి వచ్చేసరికే దేశానికి దరిద్రం ఎందుకొస్తుంది?

చదివే మీరు ఆమె కోసం ప్రార్థించనక్కర్లేదు. ఆమె ప్రార్థన ఆమే చేసుకోగలదు. నాతో కలిసి ఇది మాత్రం అడగండి: తండ్రీ, పద్దులు రాసే కుర్చీల్లో కూర్చున్నవారికి సిగ్గు దయచేయుము. మా సంఘ పెద్దలకు కూడా కొంచెం మిగల్చుము. ఆమేన్.