సింహాచలం ఇంటి గుమ్మం

ఆ రోజు నేను చేసిన తప్పు చాలా చిన్నది. ఒక పెద్దాయన నన్ను "ఆఫీసరు బాబూ" అని పిలిచాడు, నేను "కాదు" అనలేదు. అంతే. ఆ ఒక్క "కాదు" మింగేసినందుకు ఒక ఇల్లు ఆగిపోయింది, ఒక పంతులుగారు అలిగి వెళ్లిపోయారు, ఒక కుటుంబం వానాకాలమంతా కారే పాకలో గిన్నెలు పరుచుకుని పడుకుంది. మీలో సున్నితమైన మనసున్నవాళ్లు ఇక్కడే పేజీ తిప్పేయండి. మిగతావాళ్లు నవ్వుకోండి, నాకేమీ అభ్యంతరం లేదు. తలుచుకున్నప్పుడల్లా నేనూ నవ్వుతాను. నవ్వాక కాసేపు కిటికీలోంచి బయటికి చూస్తాను.

అప్పుడే మేం డిగ్రీ రెండో సంవత్సరంలోకి వచ్చాం. నేను చదివేది జాగ్రఫీ అని మా గరివిడిలో చెబితే, "అంటే ఏటి బాబూ, తుపాను ఎప్పుడొస్తాదో సెప్తావా?" అని అడిగేవారు. జూన్ నెలలో ఒక ఉదయం మా మేష్టారు మమ్మల్ని శృంగవరపుకోట దాటాక, కొండల దిగువనున్న ఒక ఊరి శివారుకి భూమి కొలవడం నేర్పడానికి తీసుకెళ్లారు.

సామాను పెద్దగా ఏమీ లేదు. మూడు కాళ్ల మీద నిలబడే ఒక బల్ల, దాని మీద కాగితం, గురి చూడడానికి ఒక స్కేలు, నీటి బుడగ ఉన్న మట్టం, ఎరుపు తెలుపు పట్టీలు వేసిన పొడుగు కర్రలు, నేలలో దిగగొట్టడానికి కర్ర మేకులు. పద్ధతి కూడా సులువే. దూరంగా ఒకరు కర్ర పట్టుకుని నిలబడతారు. బల్ల దగ్గరున్నవాడు బుడగ మధ్యలోకి వచ్చేదాకా బల్లను సరిచేసి, స్కేలు గుండా ఆ కర్రను చూసి, కాగితం మీద గీత గీస్తాడు. చెప్పడానికి ఇంతే. చేయబోతే ఆ బల్ల అప్పుడే పుట్టిన దూడలా ఒక కాలు నిలబెడితే ఇంకో కాలు జారేది.

బస్సు దిగగానే మేష్టారు ఒకటే చెప్పారు. "ఒరే, ఎవరైనా అడగకముందే మనం ఎవరమో చెప్పండి. కాలేజీ పిల్లలం, నేర్చుకోవడానికి వచ్చాం అనండి. ఈ చుట్టుపక్కల కర్ర కనిపిస్తే చాలు, జనానికి గుండె జారిపోతుంది."

నిజమే. రోడ్డు వెడల్పు చేస్తారన్న మాట అప్పటికే ఆ ఊళ్లో తిరుగుతోంది. ఎర్ర పట్టీల కర్ర ఎక్కడ నిలబడితే అక్కడ నేల పోయినట్టేనని వాళ్ల భయం. మేష్టారి మాట నేను విన్నాను. కాకపోతే ఒక చెవితోనే విన్నాను. రెండో చెవి స్వాతి ఏం మాట్లాడుతోందో వింటోంది.

స్వాతిది నెల్లిమర్ల. నవ్వు దాచుకోవడం చేతకాని మనిషి. మా జట్టులో కర్ర పట్టుకునే పని ఆమెది, బల్ల దగ్గర పని నాది. అంటే గురి చూసే నెపంతో ఆమెను ఎంతసేపైనా చూడొచ్చు, పైగా మార్కులు కూడా వేస్తారు! ఇంత మంచి చదువు కనిపెట్టినవాళ్లకి ఆ ఉదయం మనసులోనే దండం పెట్టుకున్నాను. పెళ్లిలో మా బావ వేసుకున్న చలువ కళ్లద్దాలు అడిగి తెచ్చుకున్నాను. తల మీద టోపీ కూడా ఉంది. అద్దంలో చూసుకుంటే నాకు నేనే నమస్కారం పెట్టేలా ఉన్నాను.

దూరంగా ఒక కొత్త ఇంటి పునాది ఎత్తుగా ఉందని స్వాతి దాని మూల మీద నిలబడింది. నేను గురి చూశాను. చూస్తూనే ఉన్నాను.

"ఒరే రమణా! కర్రని చూస్తున్నావా, నన్ను చూస్తున్నావా?"

"కర్రనే!"

"కర్ర పడిపోయి ఎంతసేపైందో తెలుసా?"

తెలీదు. అయినా గీత గీసేశాను. గుర్తు కోసం పునాది మూలలో ఒక మేకు కూడా దిగగొట్టి వచ్చాను. ఆ పక్కనే పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, మామిడాకులు కట్టిన ద్వారబంధం కొబ్బరిచెట్టుకి ఆనించి ఉంది, పెళ్లికి తయారై కూర్చున్న పిల్లలా. చూశాను. ఎవరింట్లోనో ఏదో శుభకార్యం అనుకున్నాను. నా తెలివి అక్కడితో ఆగింది.

తిరిగి వచ్చేసరికి బల్ల దగ్గర ఒక ముసలాయన నిలబడి ఉన్నాడు. అప్పన్న తాత అని తర్వాత తెలిసింది.

"ఆఫీసరు బాబూ, ఏటి కొలుస్తన్నారు?"

ఇదిగో, సరిగ్గా ఇక్కడ "ఆఫీసర్ని కాదు తాతా" అని ఉంటే మీకు ఈ కథ లేదు. కానీ స్వాతి అప్పుడే దగ్గరికి వస్తోంది. కళ్లద్దాలు తీసి, ఊది, తుడిచి, మళ్లీ పెట్టుకున్నాను.

"సర్వే," అన్నాను.

"రోడ్డు కోసమేటి?"

"చూడాలి."

ఆ "చూడాలి" అనే మాటలో ఎంత అధికారం ఉందో నాకు ఆ రోజే తెలిసింది. తాత భుజం మీది తువ్వాలు నడుముకి దిగింది.

"అయితే వస్తాదన్నమాట. ఎటేపు ఎల్తాది బాబూ?"

కాగితం మీది గీత చూపించాను. "ప్రస్తుతానికి ఇలా."

తాత కాగితం వైపు చూడలేదు. గీత పోతున్న దిక్కు చూశాడు. అది నేరుగా వెళ్లి ఆ పునాదిలో దిగింది. ఆయన ఆ వయసులో అంత వేగం ఎక్కడ దాచుకున్నాడో గానీ పరుగెత్తాడు.

"ఏమన్నావురా ఆయన్ని?" అంది స్వాతి.

"ఏం లేదు. ఏదో సరదాకి."

ఆ సరదా కాసేపట్లోనే ఊరంతా తిరిగి, మనుషుల్ని వెంటేసుకుని నా దగ్గరికి వచ్చింది. ముందు వరసలో సింహాచలం. ఆ పునాది ఆయనదే. పక్కన ఆయన భార్య పైడితల్లి, పట్టుచీరలో, చేతిలో పసుపుగిన్నెతో. వెనక పంతులుగారు, తాపీమేస్త్రీ, చుట్టాలు. ఆ ఉదయమే వాళ్ల గుమ్మం నిలబెట్టే ముహూర్తం.

మేష్టారు కనిపిస్తారేమోనని చూశాను. ఆయన రెండో జట్టుతో చెరకుతోటల అవతలెక్కడో ఉన్నారు. నేను నోరు తెరిచేలోపు ఎవరో నా కింద కుర్చీ వేశారు. ఇంకెవరో కొబ్బరిబొండం చేతిలో పెట్టారు. అప్పన్న తాత తాటాకు విసనకర్రతో విసరడం మొదలుపెట్టాడు. నిజం చెప్పడం ఎలాగూ కష్టమే. కొబ్బరినీళ్లు సగం తాగాక చెప్పడం మరీ కష్టం.

"బాబూ," అన్నాడు సింహాచలం. ఆయన గొంతు పెద్దది కాదు. "ఆ గీత రవ్వంత పక్కకి జరగదేటి?"

"అది... అంటే... గీత కాదు సమస్య..."

"సమస్యంట మావా! పెద్ద సమస్యే ఉన్నట్టున్నాది!" అన్నారెవరో వెనక నుంచి.

"మాకున్నదిదే జాగా బాబూ," అంది పైడితల్లి. "ఈ వానలకి ఆ పాక ఆగదు. గుమ్మం నిలబడితే గోడలు లేపీసి, పైన రేకులైనా కప్పీసుకుందుమని ఆత్రంగా ఉన్నాం."

ఆమె చెయ్యి చూపించిన వైపు ఒక పాక ఉంది. కప్పు మధ్యలో ఆకాశం కనిపిస్తోంది. కొండల మీద మబ్బులు అప్పటికే నల్లబడ్డాయి. ఇప్పుడు చెప్పాలి, ఇప్పుడే చెప్పాలి అనుకుంటూ విసనకర్ర గాలికి అలాగే కూర్చున్నాను.

"సమయం దాటిపోతోంది," అన్నారు పంతులుగారు.

తాపీమేస్త్రీ తాపీ కింద పెట్టేశాడు. సింహాచలం ద్వారబంధం వైపు చూసి, "కూల్చీసే ఇంటికి గుమ్మమెందుకు పంతులుగారూ," అన్నాడు.

అప్పుడు స్వాతి కర్ర నేలకేసి కొట్టింది. "వీడు ఆఫీసరూ కాదు, ఏమీ కాదు! మేం కాలేజీ పిల్లలం. వీడు మొన్న పరీక్షలో మ్యాపు గీసి ఉత్తరం కిందికి పెట్టాడు. వీడు రోడ్డేసేదేంటి?"

విసనకర్ర ఆగిపోయింది. నా జీవితంలో అంత ఉక్కపోత మళ్లీ ఎరగను.

"అవునేటి?" అన్నాడు అప్పన్న తాత.

కళ్లద్దాలు తీశాను. "అవును తాతా. నేర్చుకుంటున్నాం."

"నీ కళ్లద్దాలు కాలిపోనూ! ఓరి గుంటడా, నీకు బొండం ఎవులిచ్చారోగానీ లాగీండి!" అని పైడితల్లి అందుకుంది. తిట్టింది, మధ్యలో ఏడ్చింది, మళ్లీ తిట్టింది. బొండం నిజంగానే లాగేశారు. ఆ గొడవలో ఎవరికీ సమయం గుర్తులేదు. పంతులుగారు గడియారం చూసి సంచీ సర్దేశారు. "ఇంక దుర్ముహూర్తం. ఎల్లుండి నుంచి ఆషాఢం. శ్రావణంలోనే మళ్లీ." ఇంత దూరం పిలిచి ఇదేం మర్యాద అని గొణుక్కుంటూ ఎండలోనే వెళ్లిపోయారు.

మేష్టారు వచ్చి విన్నారు. తిట్టలేదు. "రమణా, బల్ల మడత పెట్టు," అన్నారు. తిట్టి ఉంటే బాగుండేది.

ఆ ఆదివారం ఒక టార్పాలిన్ పట్టుకుని ఒక్కడినే ఆ ఊరు వెళ్లాను. కప్పడానికి పాక ఎక్కి, ఉన్న చిల్లు చాలదన్నట్టు ఇంకోటి చేసి, నేరుగా పైడితల్లి పొయ్యి పక్కన దిగాను. ఆమె ఉలిక్కిపడలేదు. "ఈసారి పైనుంచి వచ్చాడు సూడు సర్వే సెయ్యడానికి," అని మొగుడితో అంది. సింహాచలం మొదటిసారి నవ్వాడు. తర్వాత ఆషాఢమంతా ప్రతి ఆదివారం వెళ్లాను. ఇటుకలు మోశాను, ఇసుక జల్లించాను, పాకలో గిన్నెలు నిండితే ఎత్తిపోశాను. రెండోసారి నుంచి స్వాతి కూడా వచ్చేది. "నువ్వు ఇటుకలు సరిగ్గా మోస్తావన్న నమ్మకం లేదు," అనేది. వానలో తడుస్తూ బస్సు కోసం నిలబడేవాళ్లం. బస్సు ఆలస్యంగా రావాలని నేను కోరుకునేవాణ్ణి. అది మాత్రం ఎప్పుడూ వేళకే వచ్చేది.

శ్రావణంలో ముహూర్తం కుదిరింది. సింహాచలం మట్టం నా చేతిలో పెట్టాడు. "నీ వల్ల ఆగింది, నువ్వే నిలబెట్టు బాబూ. సదువుకున్నోడివి."

ద్వారబంధం ఎత్తారు. ఒక పక్క నేను మట్టం ఆనించి పట్టుకున్నాను. ఎదురుగా స్వాతి, గడపకి పసుపు రాస్తూ తలెత్తింది. నుదుటి మీద కొంచెం పసుపు అంటుకుంది.

"బుడగ మధ్యలోకొచ్చిందేటి?" అని మేస్త్రీ అరిచాడు.

"వచ్చింది," అన్నాను, బుడగ వైపు చూడకుండానే.

ఆ గుమ్మానికి బిగించిన తలుపు ఈ రోజుకీ దానంతట అదే తెరుచుకుంటుంది. ఎంత గట్టిగా మూసినా సరే, మెల్లగా, మర్యాదగా, ఎవరో వస్తున్నట్టు తెరుచుకుంటుంది. దాన్ని ఆపడానికి కింద ఒక కర్ర మేకు పెడతారు. ఆ రోజు పునాది మూలలో నేను దిగగొట్టిన మేకే అది.

ఇప్పుడు నేను బడిపిల్లలకి దిక్కులు నేర్పుతున్నాను. ఉత్తరం పైనే పెడుతున్నాను. స్వాతి పెళ్లి చేసుకుని పలాస వైపు వెళ్లిపోయిందని విన్నాను. నేను ఆమెతో అనాల్సింది ఏదీ అనలేదు. ఎప్పుడూ బస్సు వచ్చేసేది.

ఈ జూన్‌లో సింహాచలం ఇంటికి వెళ్లినప్పుడు, "ఆ గుమ్మం సరిచేయిస్తాను, వడ్రంగిని తీసుకొస్తాను," అన్నాను.

"వద్దు బాబూ," అంది పైడితల్లి. "మొన్న వేసంగిలో మీ స్వాతి వచ్చింది, మొగుడూ పిల్లల్తోటి. తలుపు సూసి ఒకటే నవ్వు. నవ్వి నవ్వి కళ్లు తుడుసుకుంది. 'ఇది సరిసేయించీకండి అత్తా' అన్నాది."

"ఇంకేమంది?"

"ఇంకేటంటాది? 'ఆ రోజు బుడగ మధ్యలో లేదని నాను సూసేను అత్తా, ఊరుకున్నాను' అన్నాది."

నేను చాలాసేపు ఆ తలుపు వంకే చూశాను. అది నిదానంగా తెరుచుకుంది.

కాబట్టి పాఠకుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఎవరైనా నన్ను ఆఫీసరు అంటే, బొండం అందుకోకముందే కాదంటాను. మట్టం చేతిలో ఉన్నంతసేపు బుడగనే చూస్తాను. చూడాల్సిన ముఖం ఎదురుగా ఉంటే, మట్టం కింద పెట్టి, చూస్తున్నానని చెప్పి మరీ చూస్తాను.

ఆ సాయంత్రం వంగి చూస్తే తలుపు కింది మేకు చెదపట్టి ఉంది. పెరట్లో కర్రముక్క వెతికి, అరుగు మీద కూర్చుని కొత్తది చెక్కి పెట్టాను. వచ్చేటప్పుడు తలుపు మాత్రం వెయ్యలేదు.