అత్తగారి మల్లె సబ్బు

ఇక ఇంట్లో సబ్బులు వద్దనుకుని, పెసలు, కస్తూరి పసుపు, ఎండిన కమలా తొక్కలు మర ఆడించి, జల్లించి, అందరికీ సున్నిపిండి సిద్ధం చేశాను. ఉన్న సబ్బులన్నీ పంచిపెట్టేశాను.

ఈ రోజు పొద్దున్న మా అత్తగారు స్నానం చేసి వస్తే గుప్పుమని మల్లెల వాసన! ఆవిడ తువ్వాలు మడతలో సబ్బు దొరికింది.

"ఏంటండి అత్తయ్యగారూ, ఇది?"

"చిన్నప్పుడు మా అమ్మ ఆ పిండితోనే తోలు ఊడేలా నలిచేదే. నువ్వు కాపురానికొచ్చాకే నాకు వాసన సబ్బు సుఖం తెలిసింది. ఇప్పుడు నువ్వే లాక్కుంటావేంటే?"

సబ్బు ఆవిడ చేతిలోనే పెట్టేశాను.

సాయంత్రం నేను స్నానానికి సున్నిపిండి కలుపుకుంటుంటే ఆవిడే వచ్చి, "వీపు నీకెలా అందుతుందే? ఇటు తిరుగు" అని రుద్దారు. తోలు ఊడిన మాట నిజమేనండి. రేపు కూడా రుద్దమని అడగాలని ఉంది. మీ ఇంట్లో మీ వీపు రుద్దేదెవరు?