కుక్క తల మోసిన మా నర్సింగన్న

నిన్న పొద్దుగాల కరీంనగర్ నుంచి నర్సింగన్న కొడుకు ఫోన్ చేసిండు.

"అత్తమ్మా, బాపు పోయిండు."

"ఏ బాపు?" అని అడిగిన. గా మాట నా నోట్లెకెట్ల వచ్చిందో నాకే తెల్వదు.

నర్సింగన్న ఇగ లేడు.

నేను చెప్తుంటె మా మనుమరాలు టైప్ చేస్తున్నది. తప్పులుంటె ఆమెవే.

నర్సింగన్న నాకు తోడబుట్టినోడు కాదు. పెద్దపల్లి దిక్కు మనిషి. పంతొమ్మిది వందల అరవైలల్ల, ఆదిలాబాద్ దిక్కు బోథ్‌ల పసుల దవాఖాన కాంపౌండర్. నేను అప్పుడు బోథ్ పక్క ఊరికి కొత్త కోడల్ని.

జొన్న కల్లంల ఉన్నం. నురుగు కారుకుంట కుక్కొకటి ఉరికొచ్చింది. నా ఎడమ చెయ్యి పట్టి కండ ఊడ గుంజింది.

మా మరిది రాజన్న గొడ్డలి తీస్కొని వచ్చిండు. దాని పన్ను ఆయన కాలికి గీసుకపోయింది. మొదటి దెబ్బకు కుక్క నడుము విరిగింది. అయినా ఈడ్చుకుంట, పండ్లు కటకట కొరుక్కుంట మీదికే వచ్చింది. సచ్చేదాక నరికిండు.

జొన్నలన్ని నెత్తురే.

ఎద్దుకు మందు పోయనీకి వచ్చిన నర్సింగన్న ముందుగాల నా దిక్కే ఉరికొచ్చిండు. బాయికాడ సబ్బు పెట్టి పుండును రుద్దుడు రుద్దిండు. మంటకు ఓర్వలేక ఆయన భుజం కొరికిన.

"కొరుకు చెల్లె. నీకింక పిచ్చి లేవలే" అన్నడు.

గా దినం నుంచే నేను ఆయనకు చెల్లెను.

ఇంతల్నే జనం కుక్క మీద గ్యాసునూనె పోయవట్టిండ్రు.

"కాల్చకుండ్రి! దాని తల పరీక్షకు గావాలె!"

"గా పిచ్చిని మోస్కపోయి ఊరూరికి అంటిస్తవా సారూ?" అని రాజన్న గొడ్డలి కామతోని నెత్తి మీద కొట్టిండు.

నర్సింగన్న నెత్తి పలిగింది. నెత్తురు కండ్లల్లకు కారుతున్నది. అయినా కుక్క తల కోసి గోనెసంచిల ఏసుకున్నడు.

"గీ తలల సావు ఇంక బతికే ఉన్నది రాజన్నా. దాన్ని సంపనీకే తీస్కపోతున్న."

మా ఆయన బండి కట్టి నన్ను, నర్సింగన్నను బోథ్‌కు తోలుకపోయిండు.

దవాఖాన ఎనుక నా కండ్ల ముందట్నే పుర్రె పలగ్గొట్టిండు. ఉలి దెబ్బకు బొక్క ముక్క ఎగిరి, రబ్బరు గ్లౌజును చీరి, బొటనేలుల దిగింది.

ముక్కను గుంజి తీసిండు. కడిగి, పురుగును సంపే కార్బాలిక్ మందు పోసుకున్నడు. పండ్లు కొరుక్కున్నడు. ఇంకో గ్లౌజు తొడుక్కొని మల్ల పనిల పడ్డడు.

మెదడును పల్చగ కోసి ఫార్మలిన్ బాటిల్‌ల ఏసిండు. మందు లోపలికి దిగకపోతె పురుగు సావదంట. వైరస్‌ను ఆయన పురుగనేటోడు.

"ల్యాబోల్లు దీన్ని చేతులతోని పట్టుకొని చూస్తరు చెల్లె. వాల్లకు ఏం గావద్దు."

తెల్లారి బస్సుల ఆదిలాబాద్ పోతుంటె, బాటిల్‌ల ఏముందో ఎరుకై ఒకడు ఆయన అంగి పట్టి గుంజిండు. దింపెయ్యమని లొల్లి. ఆయన బాటిల్‌ను కడుపుకు అదుముకొని కూసున్నడు.

"సచ్చిన పురుగు ఇది. బతికున్నదైతె మీ పిల్లల నడుమ నేనే పెట్టకపోదును."

ఆదిలాబాద్ దవాఖానల కుక్క కరిచిన నాకు, ఏలుల బొక్క దిగిన ఆయనకు, ఇద్దరికి బొడ్డు చుట్టూ సూదులు. పక్కపక్క బల్లల మీద పండుకునేటోల్లం. నేను ఏడుస్తుంటె, గా మందుల గూడ గదే పురుగున్నదని చెప్పిండు. గొర్రె మెదడుల పెంచి, కార్బాలిక్‌తోని సంపుతరంట.

"సచ్చిన దొంగను చూపిచ్చి ఒంటికి పాఠం చెప్తుండ్రు చెల్లె, బతికున్నోడు వస్తె పట్టుకో అని."

రిజల్ట్ వచ్చింది. పిచ్చికుక్కనే. గది విని, ఊర్ల కుక్క కరిచినోల్లంత ఉరికొచ్చి సూదులేసుకున్నరు.

రాజన్న రాలే. నర్సింగన్న కట్టుకున్న నెత్తితోనే సైకిల్ మీద పోయి బతిమిలాడిండు.

"గీత పడితె సూదులా? పసరు తాగిన, పో సారూ."

వానలు పడ్డంక రాజన్నకు పిచ్చి లేచింది.

మంచానికి తాళ్లతోని కట్టిండ్రు. తాళ్లు తెంపిండు. గోడకు తల గుద్దుకున్నడు. తన పెదవి తనే కొరుక్కున్నడు. నలుగురు మొగోల్లు పట్టినా ఆగలే. ఎవలను కరుస్తడో అని ఆఖరికి అందరు బయటికి ఉరికిండ్రు.

నర్సింగన్న గ్లౌజులు తొడుక్కొని లోపలికి పోయిండు. తలకాడ కూసొని నురుగు తుడుసుకుంట ఉన్నడు.

"దూప సారూ" అన్నడు రాజన్న.

నీళ్ల గ్లాసు చూడంగనే గొంతు బిగుసుకపోయి మంచం ఎగిరిపడ్డది. పొద్దుగూకక ముందే పానం పోయింది.

శవాన్ని ఎవలు ముట్టలే. కన్నతల్లి, మా అత్త, గడప బయట కూలబడి నెత్తి కొట్టుకుంటున్నది. దగ్గరికి పోనియ్యకుండ ఇద్దరు ఆమె రెక్కలు పట్టుకున్నరు.

నర్సింగన్న ఒక్కడే కార్బాలిక్ నీళ్లతోని రాజన్న మొకం, చేతులు, కాళ్లు కడిగిండు. బట్టలు, మంచం నులక కాలబెట్టిండు. తన నెత్తి పలగ్గొట్టినోనికి కొత్త ధోతి కప్పిండు.

బయటికి వచ్చి మా అత్త చెయ్యి పట్టి లేపిండు.

"ఇప్పుడు పో అవ్వా. నీ కొడుకును పట్టుకో. ఇగ ఏం గాదు."

మా అత్త లోపలికి ఉరికి కొడుకును గుండెలకు అదుముకున్నది. గా ఏడుపు ఇంక నా చెవులల్ల ఉన్నది.

కరీంనగర్‌కు ఆయన బదిలైనా, రిటైరైనా, ఏటేటా రాఖీ కట్టనీకి పోయిన. మొన్నటి రాఖీకి గూడ నన్ను గుర్తువట్టి నవ్విండు.

పోయిరా అన్నా. నువ్వు పోయే తొవ్వ సల్లగుండాలె. నీ పానానికి నిమ్మలం దొరకాలె.

నీ చెల్లె, లక్ష్మి