వెర్రిపుచ్చ గింజలు, అమ్మ నొసలు

నిన్న మనవరాలు పిడుగురాళ్ల సున్నపుబట్టీల పక్కన దొరికిందని చారల కాయ తెచ్చి, "తాతా, బుల్లి పుచ్చకాయ!" అంది. గబుక్కున లాగేసుకున్నాను. అది వెర్రిపుచ్చ. ఒట్టి చేదు విషం.

నా ఈడు వాళ్ళకి గుర్తుండే ఉంటుంది. పందొమ్మిది వందల నలభైల్లో, నా చిన్నప్పుడు, వానలు మొహం చాటేసిన ఏడు, చేలన్నీ ఎండినా ఈ తీగ మాత్రం పచ్చగా పాకేది. కాయ పశువులకు మందు, గింజలు మాకు తిండి. అమ్మ వాటిని నానబెట్టి, నీళ్ళు మార్చి మార్చి కడిగి వేయించేది. చేదు మిగిలితే వాంతులూ విరేచనాలే.

ఆ రోజు అమ్మ ఒక గింజ నమిలి ఊసేసింది.

"చేదు పోలేదయ్యా. ఇంకోసారి కడగాలి."

"ఏందే, ఉన్నయ్యే ఆ కడివెడు నీళ్ళు! పిల్లలు తాగొద్దా?" అని నాన్న అరిచాడు.

అమ్మ కడవ మొత్తం గింజల మీద వంచేసింది. ఇప్పుడూ చేదుంటే తిండీ లేదు, నీళ్ళూ లేవు. వేయించాక ఒక గింజ నోట్లో వేసుకుంది. మేమంతా ఆమె నొసలే చూస్తున్నాం. ముడి పడలేదు.

"తినండిరా," అంది.

ఇప్పటికీ కంచం ముందు కూర్చుంటే, వడ్డించేవాళ్ళ నొసలు చూశాకే ముద్ద ఎత్తుతాను.