ఆపే స్విచ్చి లేని దీపం

దీపమన్నాక ఆపడానికి స్విచ్చి ఉండాలి. నేను బతికిందంతా ఈ ఒక్క మాట మీదే. టెక్కలిలో మైకుసెట్టు, సీరియల్ లైట్లు అద్దెకిచ్చిన కాలమంతా, నేను కట్టిన ప్రతి తోరణం చివరా నా చేతికందే ఎత్తులో ఒక స్విచ్చి ఉండేది. నిమ్మాడలో ఒక పెళ్ళి పందిట్లో పెద్దాయన ఒకాయన ఉన్నట్టుండి కుప్పకూలిపోతే, మేళం ఆగేలోపే నా లైట్లు ఆగాయి. చచ్చిన మనిషి ముఖం మీద రంగుల దీపాలు ఆడకూడదని నాకు ఎవరూ నేర్పలేదు. నేను బడికి పోయింది తక్కువ. చదవడం పాటల పుస్తకంలో నేర్చుకున్నాను, కరెంటు చేతులు కాల్చుకుని నేర్చుకున్నాను. ఎక్కడ ఆపాలో తెలియడానికి బడి అక్కర్లేదు.

అలాంటి నాకు ఈ వయసులో ఒక కంప్యూటరు తగిలింది. దాని ఫేన్లకున్న దీపాలు ఆపడానికి నేను పడ్డ పాట్లు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మాది నౌపడ దగ్గర ఒక పేట. బాప్టిస్టు సంఘం, చిన్న మందిరం. పూర్వం చదువు వచ్చినవాడు పాటలో ఒక చరణం చెబితే తక్కినవాళ్ళు అందుకునేవారు. ఉప్పు మళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళకు అక్షరం రాదు గాని పాటలన్నీ వచ్చు. తరవాత గోడ మీద అక్షరాలు పడే ప్రొజెక్టరు వచ్చింది. దానికి కంప్యూటరు కావలసివచ్చింది. మా పేటలోనే పుట్టి, పలాసలో జీడిపప్పు వ్యాపారంలో పైకొచ్చిన ఆయన ఒకటి ఇచ్చాడు. కొన్నది కాదు. విశాఖపట్నంలో చదివే ఆయన కొడుకు ఆటలాడుకుని విసిగిపోయి, కొత్తది కొనుక్కుని వదిలేసినది. దాని నెత్తి మీద ఇత్తడి రేకు కొట్టించారు, వాళ్ళ అమ్మగారి జ్ఞాపకార్థం అని.

ఆ పెట్టెకు ఒక పక్క అద్దం. ముందు మూడు ఫేన్లు, వెనక ఒకటి. లోపలి వేడి బయటికి తోయడం వాటి పని. ఆ పని మా ఇంటి టేబుల్ ఫేను కూడా చేస్తుంది, అది రంగులు కక్కదు. వీటికి అంచు చుట్టూ దీపాలు. ఎరుపు పచ్చనవుతుంది, పచ్చ నీలమవుతుంది, నీలం గిరగిరా తిరిగి మళ్ళీ ఎర్రబడుతుంది. ప్రొజెక్టరు తీగ పొట్టిది కాబట్టి పెట్టెను ప్రసంగ వేదిక పక్కనే పెట్టారు. అద్దం ఆడవాళ్ళ వైపు.

ఆడవాళ్ళలో ముందు వరసలో గోడవారగా ఉండే చాప మా అప్పది. అప్ప అంటే మా పెద్దక్క. నన్ను చంకనేసుకుని ఉప్పు మళ్ళకు పోయి, గట్టు మీద పడుకోబెట్టి పని చేసిన మనిషి. ఎండలో తెల్లటి ఉప్పును చూసీ చూసీ ఆమె కళ్ళు పాడయ్యాయి. ఒక కంటికి ఆపరేషను చేయించాం. చూపు కొంచెం వచ్చింది గాని, మినుకుమినుకుమనే వెలుగు పడితే తల తిరిగి వాంతి వస్తుంది.

పెట్టె వచ్చిన మొదటి ఆదివారమే ఆమె ప్రార్థన మధ్యలో గోడ పట్టుకుని లేచి వరండాలోకి పోయింది. ఎండలో కూర్చుంది.

"ఏటప్పా, ఏటైనాది?" అన్నాను వెనకాలే పోయి.

"నానుండనేనురా. గుడిలోకి తీర్తం, తిరనాల తెచ్చినారు. రంగుల రాట్నమొక్కటే తక్కువ."

ఆ తరవాత ప్రతి ఆదివారం వరండాలోనే కూర్చుంది. లోపల చాప ఖాళీ. మా అప్ప తన చాప మీదికి తిరిగి రావాలి. నాకు కావలసింది అంతే. ఇది కోరడం నేరమన్నట్టు ఎంతమంది మాట్లాడారో.

ముందు అద్దాన్ని గోడ వైపు తిప్పాను. సున్నం వేసిన తెల్లగోడ మీద రంగులు ఇంకా పెద్దవై ఆడాయి. మళ్ళీ ఇటు తిప్పాను. కంప్యూటరు నడిపే టీచరమ్మ మా వరసలో కూతురవుతుంది. ఆమెను అడిగితే, "పెదనాన్నా, దీనికి సాఫ్ట్‌వేర్ ఉంటాది, అందులో ఆపొచ్చు" అంది. ఒక శనివారం పొద్దున్న ఇద్దరం కూర్చున్నాం. ఆమె ఏదో నొక్కింది, దీపాలు ఆగాయి. కంప్యూటరు ఆపి మళ్ళీ వేస్తే మళ్ళీ తిరునాళ్ళు.

లోపల రెండు సాఫ్ట్‌వేర్లు ఉన్నాయట. కంప్యూటరు లోపలి బోర్డు చేసినవాడిది ఒకటి, ఫేన్లు చేసినవాడిది ఇంకొకటి. ఒకటి ఆపితే రెండోది వెలిగిస్తుంది. ఒకే పెళ్ళికి ఇద్దరు మైకుసెట్టువాళ్ళను పిలిస్తే ఏమవుతుందో నాకు తెలుసు. ఒకణ్ణి పంపించెయ్యమన్నాను. టీచరమ్మ బోర్డువాడి సాఫ్ట్‌వేరు తీసేసింది. రెండోది తెరిస్తే, ముందు అప్‌డేట్ చెయ్యమంది. మందిరంలో ఇంటర్నెట్ లేదు. ఆమె ఫోనులోంచి ఇచ్చింది. అప్‌డేట్ అయ్యాక ఖాతా, పాస్‌వర్డ్ అడిగింది. అవి విశాఖపట్నం కుర్రాడివి. ఫోను చేస్తే, "ఆ మెయిల్ ఎప్పుడో పోయింది ఆంటీ, కొత్తది చేసుకోండి" అని పెట్టేశాడు.

కొత్త ఖాతాకు పేరు, ఊరు, పుట్టిన తేదీ కావాలట.

"నీదే ఇచ్చీమంతావా పెదనాన్నా?"

"నా పుట్టిన తేదీ మా అమ్మకే తెల్దు. ఫేనుకెందుకే?"

ఏదో ఒక తేదీ వేసింది. అంతా అయ్యాక తెర మీద ఒక ముక్క వచ్చింది. ఫేన్లు కనబడలేదు, తీగలు సరిచూసుకోండి అని. నా ఎదుట, జానెడు దూరంలో, నాలుగు ఫేన్లు నెమలిపింఛాల్లా ఆడుతున్నాయి. వాటిని నడపడానికి పుట్టిన సాఫ్ట్‌వేరుకు అవి కనబడలేదు. కనబడకూడని మా అప్ప కళ్ళకు మాత్రం కనబడుతున్నాయి.

కోపమొచ్చి ఆ రెండోదాన్నీ తీయించేశాను. చెప్పేవాళ్ళు లేకపోతే ఊరుకుంటాయనుకున్నాను. నా సీరియల్ సెట్టు డబ్బా తీసేస్తే దీపం చచ్చినట్టు ఆగేది. వీటికి అదేం లేదు. సాఫ్ట్‌వేరు లేకపోతే రంగులన్నీ వరసగా తిప్పమని ఫేనుల మధ్య ఉన్న చిన్న పెట్టెలోనే రాసి పంపారట. ఆగమని చెప్పడానికి ఖాతా కావాలి గాని, ఆడటానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఇలాంటి వస్తువును తయారుచేసినవాడు ఒక్కసారైనా చావు ఇంటికి పోయి ఉంటాడా అని అడుగుతున్నాను.

సంఘం కార్యదర్శి నాకు బావ. అన్నిటికీ మధ్యేమార్గం వెతికే మనిషి. "బావా, గొడవెందుకు, గుడ్డ కప్పీ" అన్నాడు. ప్రభుభోజనం బల్ల మీద పరిచే మందపాటి తెల్లగుడ్డ తెచ్చి, అంత గౌరవంగా పెట్టె మీద కప్పి, అంచులు సర్ది, కిందికి జారకుండా పైన ఒక పుస్తకం కూడా పెట్టాడు. ఆ ఆదివారం మా అప్ప లోపలికి వద్దామని గుమ్మం దాకా వచ్చింది. మొదటి పాటకే పెట్టె రొద మొదలెట్టింది. వేడి బయటికి పోయే దారి లేదు కదా. రెండో చరణానికి రొద పిండిమిల్లు అయ్యింది. మా బావ వినబడనట్టు ఇంకా గట్టిగా పాడాడు. మూడో చరణం మధ్యలో పెట్టె ఆగింది, గోడ మీద అక్షరాలు పోయాయి.

పాటా ఆగిపోయింది. అందరూ తెల్లగోడ వైపు చూస్తున్నారు. చిన్నప్పటి నుంచి పాడుతున్న పాట, నోట్లో లేదు, గోడ మీద ఉంది. గుమ్మం బయట నుంచి ఒక్క గొంతు మాత్రం ఆగకుండా మిగిలిన చరణం పాడింది. అక్షరం రాని గొంతు. నాకు సంతోషం వేసిందనుకుంటారేమో. లేదు. ఆ గొంతు బయట, మనం లోపల, ఎందుకు?

సోమవారం పలాస బయల్దేరాను. ముందు ఆ వ్యాపారస్తుణ్ణి కలిశాను. జీడిపప్పు బస్తాల మధ్య కూర్చోబెట్టి, కాఫీ ఇప్పించి, నేను చెప్పిందంతా విన్నాడు.

"మావా, అదీ ఒక ఇసయమేటి? లైట్లు ఆపీత్తే అదక్కడుందని ఎవుడికి తెలుత్తాది?" అని నవ్వాడు. "పిల్లలకి బాగుంటాది. అలాగుండనీ."

కాఫీ సగంలో వదిలేసి లేచాను. స్టేషను దగ్గర కంప్యూటర్లు బాగుచేసే దుకాణానికి పోయి, టీచరమ్మ నా ఫోనులోకి పంపిన ఫొటోలు చూపించాను. దుకాణం అతను నలభై దాటినవాడు, తలెత్తకుండా మాట్లాడతాడు. విండోస్ మొత్తం కొట్టేసి మళ్ళీ ఎక్కిద్దామన్నాడు. లేదంటే రిమోటు ఉండే కొత్త కంట్రోలరు వేద్దామన్నాడు, అందులో ఇంకా ఎక్కువ రంగులొస్తాయట.

"నాకు రంగులొద్దు బావూ. ఒక ముక్క సెప్పు. దీపం ఎలక్కపోతే ఫేను తిరుగుతాదా, తిరగదా?"

"తిరుగుతాది. దాని తీగ దానిది, దీని తీగ దీనిది."

"మరి దీపం తీగ పీకీత్తే?"

అప్పుడు తలెత్తాడు. "పీకీడమేటి మావా. లైట్ల కోసమే గదా ఆ ఫేన్లు కొంతారు. ఇన్నాళ్ళలో ఎవుడూ ఆ మాట అడగనేదు."

ఎవడూ అడగలేదట. ఇంతమంది కొన్నారు, ఇంతమంది బాగు చేయించుకున్నారు, ఎవడికీ ఆపాలని అనిపించలేదు. టెక్కలి బస్సెక్కేదాకా ఆ మాటే చెవిలో మోగింది.

శనివారం మధ్యాహ్నం టీచరమ్మను పక్కన పెట్టుకుని పెట్టె తెరిచాను. కరెంటు తీసి, అద్దం మరలు ఊడదీసి చూస్తే, ప్రతి ఫేను నుంచి రెండు తీగలు. చూపు ఆనక, దీపం తీగ అనుకుని ఒక ఫేను తీగ పీకి, కరెంటు వేయించాను. ఫేను ఆగిపోయింది. దీపం ఆగలేదు. రెక్కలు కదలకుండా అలా నిలబడి, చుట్టూ రంగులు తిప్పుకుంటోంది.

"పెదనాన్నా, ఇది పనిసెయ్యటం మానీసి సోకు సేత్తంది" అని టీచరమ్మ పడీపడీ నవ్వింది. నాకు నవ్వు రాలేదు. అలాంటి మనుషులను నేను చాలామందిని చూశాను. వాళ్ళకు వేదికలు కట్టి దీపాలు పెట్టింది కూడా నేనే.

కరెంటు తీసి, ఆ తీగను మళ్ళీ పెట్టాను. దీపాల తీగలన్నీ చిన్న పెట్టెలో కలిసి, అక్కణ్ణుంచి ఒకే తీగ బోర్డుకు పోతోంది. దాని నుంచే వాటికి కరెంటు. ఆ తీగను రెండు కొసలా ఊడదీసి చొక్కా జేబులో వేసుకున్నాను. కరెంటు వేస్తే నాలుగు ఫేన్లూ తిరిగాయి, నల్లగా, మర్యాదగా. పనిచేసే వస్తువు పనిచేస్తున్నట్టు ఉంది.

ఆదివారం మా అప్ప చెయ్యి పట్టుకుని లోపలికి తెచ్చాను. గుమ్మంలో ఆగి, చేతులు కళ్ళకు అడ్డం పెట్టుకుని, వేళ్ళ సందుల్లోంచి పెట్టె వైపు చూసింది. చేతులు దించింది. పోయి తన చాప మీద కూర్చుంది. పాట మొదలైతే గోడ వైపు చూడకుండా అందరికంటే ముందు అందుకుంది.

కథ అక్కడితో ఆగితే ఇది రాసేవాణ్ణి కాదు. ఆ రోజే పలాస నుంచి ఆయన కుటుంబంతో వచ్చాడు. ఆరాధన కాగానే పెట్టె దగ్గరకు పోయి, అద్దం మీద వేలితో కొట్టాడు.

"ఇదేటి, సచ్చిపోనాదా?"

"బాగానే పన్జేత్తంది. లైట్లు మా బావ తీసీసినాడు" అన్నాడు కార్యదర్శి, తనకేం సంబంధం లేదన్నట్టు.

"ఎవుర్నడిగి తీసినావు మావా? మాయమ్మ పేరున ఇచ్చినాను నాను."

ఆయన గొంతు పెంచాడు, నేనూ పెంచాను. "మీ అమ్మ పేరు నువ్వెత్తకు. మీ అమ్మా, మా అప్పా ఒకే మడిలో ఉప్పు లాగినారు. సాయంత్రమైతే మీ అమ్మ కళ్ళకి తడిగుడ్డ కట్టుకుని, మా అప్ప బుజం పట్టుకుని ఇంటికొచ్చీది. దీపం ముట్టించనిచ్చీది కాదు. నీకు బువ్వ చీకట్లోనే పెట్టీది. మర్సిపోనావేటి? మీ అమ్మ బతికుంతే ఇన్నాళ్ళూ మా అప్ప పక్కన వరండాలో కూకునుండీది."

ఆయన ఇత్తడి రేకు వైపు చూశాడు. ఆయన భార్య పిల్లల్ని తీసుకుని కారు వైపు నడిచింది. ఆయనా పోయాడు. ఒప్పుకున్నాడో లేదో నాకు తెలియదు. అంత సులువుగా ఒప్పుకునే మనిషైతే పలాసలో అంత వ్యాపారం చేసేవాడు కాడు.

కారు కదిలాక మా బావ నా దగ్గరికొచ్చి చెయ్యి చాపాడు. "ఆ తీగిచ్చీ బావా. కమిటీలో మాట్లాడుకుందుం. దాతల్ని నొప్పించకూడదు."

"ముసలోల్లని నొప్పించొచ్చేటి?"

"నానలాగన్నానా?"

"అననక్కర్లేదు. సేత్తన్నారు గదా."

తీగ ఇవ్వలేదు. పలాసలో కొత్తది దొరుకుతుందని వాళ్ళకు తెలుసు. తెచ్చి పెడతారేమో. పెడితే నేనూ మరలు తిప్పే సామాను తెస్తాను. నన్ను సంఘంలోంచి తీసేస్తామన్నా తెస్తాను.

అందరూ వెళ్ళిపోయాక అప్ప చాప చుట్టబోయాను.

"ఏటంతన్నాడా సచ్చినోడు?" అని అడిగింది, కార్యదర్శిని గురించి.

"తీగిమ్మంతన్నాడప్పా."

"ఇచ్చీసినావేటి?"

"నేదు."

ఆమె నా భుజం పట్టుకుని లేచింది. "మరైతే సాప సుట్టకు. అక్కడే ఉండనీ."