గోడలో దొరికిన మెట్లు

మిరుదొడ్డి దగ్గర మా ఊళ్లో పాత దొరల గడి ఒకటుంది. ఏళ్ల తరబడి తాళం వేసి ఉన్న ఆ భవంతిని వారసులు ఈమధ్యే గ్రంథాలయం కోసం ఊరికిచ్చారు. సిద్దిపేటలో ఇళ్ల ప్లాన్లు గీసే నన్ను కొలతలు తీయమన్నారు. టేపు రెండో కొస పట్టుకోవడానికి మా అమ్మ వచ్చింది. అవ్వ అని పిలుస్తాను. పెళ్లై వచ్చినప్పటి నుంచి గడి పొలాల్లో నాట్లేసిన మనిషి, లోపల అడుగుపెట్టింది మాత్రం ఆ రోజే.

పెద్ద దర్వాజ దాటగానే ఆకాశానికి తెరిచిన నడిమి వాకిలి, చుట్టూ టేకు స్తంభాలు. డంగు సున్నం గోడలు ఇంకా నున్నగా, చల్లగా ఉన్నాయి. నేను గదిగదికీ పరుగెత్తినట్టే తిరిగాను. తూర్పు వైపు మాత్రం లెక్క కుదరలేదు. బయటి కొలతకూ లోపలి కొలతకూ మధ్య మనిషి పట్టేంత జాగా తేడా వచ్చింది.

మరమ్మతులకు వచ్చిన మేస్త్రీ ఆ వైపు గోడలోని చెక్క బీరువాను తట్టాడు. డొల్లగా మోగింది. వెనక పలకలు ఊడదీస్తే గాలి మొహానికి కొట్టింది. గోడ కడుపులోంచి పైకి రాతిమెట్లు! మేస్త్రీ ముందెక్కి, గట్టిగానే ఉన్నాయన్నాడు.

"అవ్వా, నువ్వు కిందనే ఉండు."

"నేను గూడ వస్త, జరుగు."

పైన చిన్న గది, రాతి జాలీ కిటికీ. బయటివాళ్ల కంటపడకుండా ఆడవాళ్లు కూర్చునే చోటు. జాలీకి మొహం ఆనించిన అవ్వ గట్టిగా అరిచింది.

"ఓయమ్మో! గది మేం నాటేసిన మడే!"

ఒకనాడు నాట్లప్పుడు అవ్వా, తోటి ఆడవాళ్లూ అలసిపోయి పాట ఆపేశారట. కాసేపటికి గడిలోంచి పనామె వచ్చి, దొరసాని మళ్లీ పాడమంటోందని చెప్పిందట.

"గంత దూరం ఎట్ల ఇనవడ్డదని పరేషానైనం. గీడ కూసొని ఇన్నదన్నట్టు! పాపం, ఆమెను బయటికి రానియ్యకపోతుండె."

"ఇప్పుడు పాడు మరి" అన్నాను.

సిగ్గుపడుతూనే ఎత్తుకుంది. ఆ ఇరుకు గదిలో గొంతు ఖంగున మోగింది. కింద సున్నం గీకుతున్నవాళ్లు పని ఆపి వాకిట్లోకి వచ్చి తలలెత్తి చూశారు. నేను గది బొమ్మ గీయడం ఆపి, అవ్వ పక్కన కూర్చున్నాను.

ఇప్పుడు ఆ గది ఆడపిల్లలు చదువుకునే చోటు. జాలీని మేం కదపలేదు. పక్క గోడకు మాత్రం రెక్కల కిటికీ పెట్టించాను. అడిగింది అవ్వే.

"తలకాయ బయటికి వెట్టి సూసేటట్టు ఉండాలె బిడ్డా" అంది.